మట్టి గ్రౌండులో హ్యాండ్‌బాల్

సార్ల గురించి, హాస్టల్ అన్నం గురించి మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికలో రాసేవాళ్లు చాలామందే ఉంటారు. బడి హ్యాండ్‌బాల్ జట్టులో ఆడిన బ్యాచ్ వాణ్ని కాబట్టి నా వంతు పేజీలో, బంతిని చేత్తో విసిరి గోలు కొట్టే ఆ ఆట గురించే రాస్తాను. ఇప్పుడు ఆడుతున్న పిల్లలూ, వాళ్లను ఆడిస్తున్న పీఈటీ గారూ చదువుతారని ఆశ.

పెద్ద పోటీలు ఇప్పుడు ఇండోర్‌లోనే జరుగుతాయి. 2023లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్‌లో తెలుగు టాలన్స్ ఆటను టీవీలో చూసినవాళ్లకు ఆ నున్నటి ఫ్లోరు గుర్తుండే ఉంటుంది. అది చూసి మన మట్టి గ్రౌండును చిన్నచూపు చూడక్కర్లేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటను ఆరుబయట, గడ్డి మీద, జట్టుకు పదకొండు మందితో ఆడారు. ఏడుగురి ఇండోర్ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1972లో మ్యూనిక్‌లో. ఆడవాళ్లకు 1976 మాంట్రియల్‌లో. మట్టితో వచ్చే ఇబ్బంది ఒక్కటే. బంతి నేలకు కొడితే ఎటు లేస్తుందో చెప్పలేం. అందుకని మనవాళ్ల ఆట పాసు మీద, అడుగుల మీద నడవాలి. డ్రిబ్లింగ్ మీద, అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడం మీద ఆధారపడ్డ జట్టు మట్టిలో సగం బంతులు పోగొట్టుకుంటుంది.

ముందు కోర్టు సరిగ్గా గీయాలి. పొడవు 40 మీటర్లు, వెడల్పు 20. నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టాక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టండి. రెండు వైపులా 44 మీటర్ల 72 సెంటీమీటర్లు రావాలి, లేకపోతే కోర్టు వంకర. గోలు లోపలి కొలత 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు.

అసలు పొరపాటు ‘డీ’, అంటే గోలు ముందు కీపరు ఒక్కడికే వదిలే చోటు గీయడంలో జరుగుతుంది. చాలాచోట్ల గోలు మధ్యలో మేకు కొట్టి, ఆరు మీటర్ల తాడుతో అర్ధవృత్తం గీసేస్తారు. ముందు వైపు దూరం సరిగ్గానే ఉంటుంది కానీ, గోల్ లైను దగ్గరికి వచ్చేసరికి ఆ గీత స్తంభానికి నాలుగున్నర మీటర్లలోనే పడుతుంది. అంటే వింగ్ (సైడ్ లైను వైపు అంచు) నుంచి దూకేవాడికి మీటరున్నర ఊరికే ఇచ్చేసినట్టు. ఒక్కో స్తంభానికి లోపలి వైపు వెనక మూల దగ్గర మేకు పెట్టి, అక్కడి నుంచి 6 మీటర్ల తాడుతో పావు వృత్తం గీయాలి. రెండు పావు వృత్తాలనూ గోలుకు ఎదురుగా 3 మీటర్ల తిన్నని గీతతో కలపాలి. అప్పుడు గోల్ లైను మీద డీ వెడల్పు 15 మీటర్లు వస్తుంది, రెండు మూలల్లో రెండున్నర మీటర్ల చొప్పున మిగులుతుంది. తొమ్మిది మీటర్ల గీత కూడా ఆ మేకుల నుంచే, కాకపోతే 15 సెంటీమీటర్లు గీసి 15 వదిలేస్తూ. ఈ గీత గోల్ లైను దాకా రాదు. మూలకు సుమారు 3 మీటర్ల ఇవతలే సైడ్ లైనును తాకి ఆగిపోతుంది. మీ గీత గోల్ లైనుకు వచ్చి కలిసిందంటే ఎక్కడో కొలత తప్పింది. పెనాల్టీకి ఏడు మీటర్ల దగ్గర మీటరు పొడవు గీత, కీపరు కోసం నాలుగు మీటర్ల దగ్గర 15 సెంటీమీటర్ల గీత. ఘాటు సున్నం మాత్రం వాడొద్దు. ఈ ఆటలో షాట్ కొట్టినవాడు తరచూ గీత మీదే బోర్లా పడతాడు, కళ్లలో పడితే ప్రమాదం. ముగ్గుపిండి చాలు.

డీలో కీపరు తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. గీత కూడా డీలో భాగమే కాబట్టి బొటనవేలు తగిలినా తప్పే. అయితే గీతకు బయట నుంచి ఎగిరి, కాలు నేలకు ఆనేలోపు బంతి వదిలేస్తే ఆ తర్వాత డీలో పడ్డా ఫరవాలేదు. ఆటలోని అందమంతా ఈ ఒక్క వెసులుబాటులోనే ఉందంటాను. డీలో దొర్లుతున్న బంతి, ఆగిన బంతి కీపరుదే. గాల్లో ఉన్న బంతిని ఎవరైనా అందుకోవచ్చు. ఫుట్‌బాల్ అలవాటు ఉన్న పిల్లలు కంగారులో బంతిని వెనక్కి తమ కీపరుకే ఇచ్చేస్తారు. కావాలని అలా ఇచ్చి, డీలో కీపరు ముట్టుకుంటే ఎదుటి జట్టుకు ఫ్రీ త్రో, అంటే బంతి వాళ్ల చేతికి.

చేతిలో బంతితో మూడు అడుగులు, మూడు సెకన్లు. ఆపైన పాసు గానీ, షాటు గానీ, డ్రిబుల్ గానీ చేయాలి. డ్రిబుల్ చేసి పట్టుకున్నాక ఇంకో మూడు అడుగులు దొరుకుతాయి కానీ, మళ్లీ డ్రిబుల్ ఉండదు. గాల్లో ఎగిరి పాసు అందుకుంటే కిందికి దిగిన కాలు లెక్కలోకి రాదు, ఆ తర్వాతి నుంచే ఒకటి. కుడిచేతి వాళ్లకు అడుగుల వరస ఎడమ, కుడి, ఎడమ. చివరి ఎడమకాలి మీద లేచి, కుడి మోకాలు పైకి తెచ్చి, మోచెయ్యి భుజం ఎత్తుకు తగ్గకుండా వెనక్కి లాగి కొట్టాలి. కొత్తవాళ్లు కుడికాలి మీదే లేస్తారు. అప్పుడు నడుము తిరగదు, షాటు మొత్తం మోచేతి మీద పడుతుంది, నాలుగు రోజులకే మోచెయ్యి నొప్పి అంటారు. దీనికి మందు బంతి లేకుండా అడుగులు వేయించడం. నేల మీద ముగ్గుపిండితో మూడు గుర్తులు పెట్టి, వాటి మీదుగా ఎగిరించండి. అడుగులు కుదిరాకే బంతి ఇవ్వండి.

పాసు పట్టేటప్పుడు రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లూ చూపుడువేళ్లూ దగ్గరగా తెచ్చి వేళ్లతో అందుకోవాలి. అరచేతులతో పడితే బంతి తుళ్లిపోతుంది. పాసు ఇచ్చేవాడు అవతలివాడు ఉన్న చోటికి కాకుండా, పరిగెత్తి రాబోయే చోటికి, ఛాతీ ఎత్తులో ఇవ్వాలి. పట్టేవాడు నిలబడి ఎదురుచూడకూడదు, కదులుతూనే అందుకోవాలి. నిలబడి పట్టినవాణ్ని డిఫెండరు హాయిగా కమ్మేస్తాడు. ఎటాక్‌లో రెండు వింగులు, రెండు బ్యాకులు, మధ్యలో సెంటర్ బ్యాక్, డిఫెండర్ల మధ్య దూరి నిలబడే పివట్. సన్నగా పరిగెత్తేవాణ్ని వింగుకు, ఒంట్లో బలమున్నవాణ్ని పివట్‌కు పెట్టడం మామూలే. సెంటర్ బ్యాక్ మాత్రం ఎదుటి వరసలో సందు ఎక్కడ తెరుచుకుంటుందో చూడగలిగినవాడై ఉండాలి. ఊరికే పాసులు ఇచ్చుకుంటూ కాలం గడిపితే రిఫరీ చెయ్యి ఎత్తుతాడు. ఇప్పటి నిబంధన ప్రకారం ఆ తర్వాత నాలుగు పాసుల్లోపు షాటు కొట్టాలి.

డిఫెన్స్‌లో మన పిల్లలకు కబడ్డీ అడ్డొస్తుంది. నడుము పట్టి లాగడం, వెనక నుంచి చొక్కా గుంజడం, గాల్లో ఉన్నవాణ్ని తోయడం అన్నీ శిక్షకు దారితీసేవే. ఎదురుగా నిలబడి, మోచేతులు కొద్దిగా వంచి, శరీరంతో దారి మూయవచ్చు, చేతులతో ఆనించి వాడి కదలికను అంటిపెట్టుకోవచ్చు. ఒక చెయ్యి షాటు కొట్టే భుజం వైపు, రెండోది నడుము పక్కన ఉంచాలి. తప్పుకు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, మూడోసారి రెండు నిమిషాలు పడితే రెడ్ కార్డే. సబ్‌స్టిట్యూషన్‌లోనూ ఈ రెండు నిమిషాలు అనవసరంగా తెచ్చుకుంటారు. లోపలున్నవాడు పూర్తిగా బయటికి వచ్చాకే ఇంకొకడు దిగాలి, అదీ తమ బెంచి ముందు, మధ్యగీత నుంచి నాలుగున్నర మీటర్ల లోపలే.

ఫ్రీ త్రో దొరికితే చాలావరకు విజిల్ కోసం ఆగనక్కర్లేదు. ప్రత్యర్థులు మూడు మీటర్లు జరగాలి. మీవాళ్లు తొమ్మిది మీటర్ల గీత బయట ఉంటే వెంటనే ఆడేయండి. సెవెన్ మీటర్, అంటే పెనాల్టీ అలా కాదు. విజిల్ మోగాక మూడు సెకన్లలో కొట్టాలి, బంతి చేయి దాటేదాకా ఏడు మీటర్ల గీతను తాకకూడదు, దాటకూడదు.

కీపరు గోల్ లైను మీద అతుక్కుని నిలబడితే గోలు మొత్తం తెరిచి పెట్టినట్టే. అర మీటరు నుంచి మీటరు ముందుకు రావాలి, చేతులు తలకు అటూ ఇటూ ఎత్తి ఉంచాలి. బంతి వింగ్‌లో ఉంటే దగ్గరి స్తంభాన్ని పూర్తిగా మూసి నిలబడాలి. డీలో కాలితో ఆపడం కీపరుకు తప్పు కాదు. కీపరుకు తగిలి బంతి గోల్ లైను బయటికి పోతే కార్నర్ ఏమీ ఉండదు, బంతి కీపరుదే.

బడికి ఏదైనా చేద్దామనుకునే పూర్వ విద్యార్థులకు ఒక మాట. షోరూములో కనబడిన పెద్ద బంతి కొనేయకండి. అది మూడో సైజు, చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు, పదహారు దాటిన అబ్బాయిలకు. ఎనిమిదో తరగతి పిల్ల చేతికి అది అందదు, రెండు చేతులతో విసరడం అలవాటవుతుంది, ఆ అలవాటు పోదు. పన్నెండేళ్లలోపు అబ్బాయిలకు, పద్నాలుగేళ్లలోపు అమ్మాయిలకు ఒకటో సైజు, 50 నుంచి 52 సెంటీమీటర్లు. ఆపై అమ్మాయిలకూ పదహారు దాటని అబ్బాయిలకూ రెండో సైజు, 54 నుంచి 56. ఇద్దరు పిల్లలకు ఒక బంతి ఉంటేనే పాసు నేర్చుకోగలరు. డబ్బు మిగిలితే ఆ గోలు స్తంభాలను నేలలోకి బిగించండి. పిల్లలు పైకమ్మీ పట్టుకుని వేలాడతారు, విడిగా నిలబెట్టిన గోలు ముందుకు ఒరిగి మీద పడుతుంది.