పాత స్పీకరుకు పుట్టిన తేదీ ఒక్కటే ఉండదు

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు పాత రేడియోలు, రికార్డు ప్లేయర్లు, మైకు సెట్లు పోగు చేసే మిత్రులు కొత్తగా ఒక స్పీకరు చేతికి రాగానే ఫోటో తీసి పంపి అడిగే మాట దాదాపు ఒక్కటే: "అన్నా, ఇది ఒరిజినలేనా, ఏ సంవత్సరంది?" ఒక్క ఊపిరిలో అడిగినా ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఇనుప చట్రం మీద గుద్దిన అంకె ఆ చట్రం ఎప్పటిదో చెబుతుంది; మనం వినే ధ్వని మాత్రం కోన్ అనే గిన్నెలాంటి కాగితం నుంచి, దాని మెడకు చుట్టిన వాయిస్ కాయిల్ అనే తీగచుట్ట నుంచి వస్తుంది. పెళ్లిళ్లకు, బతుకమ్మ ఆటలకు, మేడారం జాతరకు, ఎన్నికల ప్రచారానికి కిరాయికి తిరిగిన స్పీకరు మొదటి కోన్‌తోనే ఇంతకాలం మిగలడం మన దగ్గర అరుదు. తాత కట్టిన ఇంటికి తండ్రి పెంకులు మార్చి, కొడుకు స్లాబు పోసిన తర్వాత ఆ ఇంటి వయసెంత అని అడిగితే గోడల లెక్క వేరు, కప్పు లెక్క వేరు అని చెప్పవలసి వచ్చినట్టే, స్పీకరులోనూ ఒక్కొక్క భాగానికి విడిగా కాలం కట్టాలన్నది నా పద్ధతి.

విదేశీ స్పీకర్ల కోడ్‌ల గురించి అందరూ మాట్లాడుతారు గాని, మన దేశంలో తయారైన పెట్టెల మీద, కంపెనీ లేబుళ్ల మీద, అమ్మిన దుకాణం అంటించిన చీటీల మీద ఉండే ఆధారాలను పట్టించుకునేవారు తక్కువ. నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది చిరునామా. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ విధానం అమలులోకి రాకముందు పెద్ద నగరాల చిరునామాల చివర 'ఢిల్లీ-6', 'బొంబాయి-7' అన్నట్టు తపాలా మండలం అంకె మాత్రమే ఉండేది. తర్వాత అవే చిరునామాలు 110006, 400007 అయ్యాయి. కాబట్టి ఆరంకెల పిన్‌కోడ్ అచ్చయిన లేబుల్ 1972 కన్నా ముందుది కావడానికి వీల్లేదు. దీన్ని తిరగేసి వాడేటప్పుడు మాత్రం కొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ముందే అచ్చువేయించి పెట్టుకున్న లేబుళ్లు అయిపోయేదాకా వాడుకోవడం ఏ కంపెనీకైనా సహజమే గనుక, పిన్‌కోడ్ లేనంత మాత్రాన ఆ స్పీకరు 1972కు ముందుదని తేల్చలేము. ధర చీటీ మీద 'నయా పైసలు' అని ఉంటే అది 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన తర్వాతిది. 1964లో 'నయా' అన్న మాటను అధికారికంగా తీసేశారు కాబట్టి చాలావరకు ఆ ఏడేళ్ల లోపుదే అయి ఉంటుంది. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది, కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. దుకాణం చీటీ మీద 'వరంగల్, ఏ.పీ.' అని ఉంటే అది 1956 నవంబరుకూ 2014 జూన్‌కూ మధ్యది. ఇంత వెడల్పైన గడువు ఒంటరిగా పనికిరాదు గాని, అదే చీటీ మీద పిన్‌కోడ్ లేకపోవడమో, ఫోన్ నంబరు మూడంకెలే ఉండటమో కనిపిస్తే కాలం గబగబా కుదించుకుంటుంది. ఇంట్లో రేడియో లైసెన్సు పుస్తకం మిగిలి ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టిన ముద్రలు అందులో వరుసగా ఉంటాయి, వాటిలో మొదటి ముద్ర నాటికి ఆ రేడియో ఇంటికి చేరిందని ధైర్యంగా చెప్పవచ్చు. ఆ లైసెన్సు పద్ధతి 1980ల నడుమ రద్దయింది.

'మేడ్ ఇన్' అన్న వరుస కూడా ఇటువంటిదే. 'వెస్ట్ జర్మనీ' అని రాసి ఉంటే 1949కీ 1990కీ మధ్యది. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధానంతరం 1952 వరకు సాగిన అమెరికా ఆక్రమణ కాలానిది. ఇది మన వైపు దొరకడం కష్టం.

అమెరికా స్పీకర్లకు అక్కడి ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఇచ్చిన తయారీదారు సంఖ్యలు ఉంటాయి. సేకరణదారులు వాటిని ఈఐఏ కోడ్ అంటారు. చట్రం అంచున గాని, మాగ్నెట్ మూత మీద గాని సిరాతో ముద్రించిన అంకెల వరుసలో మొదటి భాగం కంపెనీని, తర్వాతి భాగం సంవత్సరాన్ని, చివరి రెండంకెలు ఆ సంవత్సరంలోని వారాన్ని తెలుపుతాయి. 220 అంటే జెన్సెన్, 137 అంటే సీటీఎస్, 328 అంటే యూటా, 391 అంటే ఆల్టెక్, 465 అంటే ఆక్స్‌ఫర్డ్, 649 అంటే ఎలక్ట్రో వాయిస్, 67 అంటే ఎమినెన్స్. ఉదాహరణకు 220632 అన్న వరుసను జెన్సెన్, ఆరుతో ముగిసే సంవత్సరం, 32వ వారం అని, అంటే ఆగస్టు మొదటి భాగమని చదువుకోవాలి. అది 1956నా 1966నా అన్నది ఆ అంకె చెప్పదు. అక్కడ మోడల్ పేరు సాయం వస్తుంది: జెన్సెన్ వారి నామకరణంలో 'పి'తో మొదలయ్యేవి ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం) మాగ్నెట్‌వి, 'సి'తో మొదలయ్యేవి ఆ తర్వాత వచ్చిన సిరామిక్, అంటే ఫెరైట్, మాగ్నెట్‌వి గనుక, 'సి12ఎన్' అన్న పేరు పక్కన ఈ అంకె ఉంటే 1966 వైపే మొగ్గాలి. 1377614 వంటి పొడవైన వరుసలో సంవత్సరానికి రెండంకెలు ఉంటాయి కాబట్టి ఈ సందేహం రాదు. అది సీటీఎస్, 1976, 14వ వారం. చివరి రెండంకెలు 53 దాటాయంటే చదివినవారు ఎక్కడో తప్పు విరిచారని అర్థం, లేదా అది అసలు తేదీ కోడే కాదు, కొనుగోలుదారు కంపెనీ వేయించుకున్న పార్టు నంబరు.

బ్రిటన్‌లో సెలెస్షన్ వారు అక్షరాలు వాడారు. నెలకొకటి, సంవత్సరానికొకటి, రోజుకు అంకెలు. 'ఐ' అక్షరాన్ని వదిలేశారు గనుక సెప్టెంబరు 'జె' అవుతుంది. సంవత్సరాల వరుస 1968లో మళ్లీ 'ఎ'తో మొదలవడం వల్ల 'డి' అంటే 1971 కావచ్చు, పాత వరుసలో 1959 కూడా కావచ్చు. ఫెరైట్ మాగ్నెట్ ఉన్న జి12ఎం మోడల్ మీద ఆ అక్షరం కనిపిస్తే మాత్రం 1959 గురించి ఆలోచించనక్కర్లేదు. ఆర్కెస్ట్రా వారి గిటార్ ఆంప్లిఫయర్లలో తప్ప ఇవి మన ఊళ్లలో పెద్దగా తగలవు.

మన ఊళ్లలో తగిలేది ఫిలిప్స్. దాని మీది పెద్ద అక్షరాలను చాలామంది తేదీ అనుకుంటారు, అది తేదీ కాదు, రకం. 'ఏడీ' అంటే స్పీకరు. 'ఏడీ 12100/డబ్ల్యూ8' అంటే పన్నెండంగుళాల వూఫర్ (మందర స్వరాలకు), 8 ఓములు (విద్యుత్ నిరోధం కొలత). 'ఏడీ 0160/టీ8' అంటే డోమ్ ట్వీటర్ (హెచ్చు స్వరాలకు). 'ఏడీ 5060/ఎస్‌క్యూ8' అంటే అయిదంగుళాల మిడ్‌రేంజ్ (నడిమి స్వరాలకు). గీత తర్వాతి అక్షరం పని చెబుతుంది, దాని వెంట వచ్చే అంకె ఓములు చెబుతుంది. కోన్ మధ్యలో మరో చిన్న కోన్ ఉన్న 9710 అన్న మోడల్‌కు 'ఎం' వస్తుంది. ఈ రకం పేరు వల్ల ఒరిజినాలిటీ పరీక్షకు గొప్ప సదుపాయం ఉంది: 'ఎం' అని లేబుల్ ఉన్న స్పీకరులో నడిమి చిన్న కోన్ లేకుండా మామూలు డస్ట్ క్యాప్ (నడిమి మూత) ఉందంటే ఆ కోన్ ఇక్కడే ఎక్కడో మార్చారని వేరే రుజువు లేకుండానే చెప్పవచ్చు.

మాగ్నెట్ సంగతి క్లుప్తంగా. మాగ్నెట్ స్థానంలో తీగచుట్ట ఉండి, దానికి విడిగా కరెంటు అందించే వైర్లు ఉంటే అది ఫీల్డ్ కాయిల్ స్పీకరు, ఎక్కువగా 1930ల, 1940ల వాల్వు రేడియోలది. చిన్నగా, ఎత్తుగా, లోహపు గిన్నెలో దాగి ఉంటే ఆల్నికో. వెడల్పాటి నల్లని చక్రంలా బయటికే కనిపిస్తే ఫెరైట్. 1978లో జైర్ (నేటి డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో) దేశంలోని షాబా ప్రాంతంలో జరిగిన యుద్ధంతో ఆల్నికోకు కావలసిన కోబాల్ట్ ధర విపరీతంగా పెరగడం వల్ల అప్పటిదాకా ఆల్నికోను వదలని జేబీఎల్, ఆల్టెక్ వంటి కంపెనీలు కూడా ఫెరైట్‌కు మారాయి. చవక స్పీకర్లలో ఆ మార్పు అంతకు ఎంతో ముందే జరిగిపోయింది, కాబట్టి మాగ్నెట్ రకాన్ని బట్టి తేదీ కట్టేటప్పుడు కంపెనీని వదిలి మాట్లాడకూడదు.

అసలు శ్రమంతా కోన్ దగ్గర. మన రిపేరు దుకాణాల్లో దీన్ని పేపర్ మార్చడం అంటారు, ఆ పని చేసే చేతులు చాలా నేర్పు గలవి, అందువల్లే గుర్తుపట్టడం కష్టం. నేను ముందుగా చూసేది అంచు. కోన్ అంచును చట్రానికి బిగించే గ్యాస్కెట్ ఫ్యాక్టరీలో అచ్చుతో కోసిన ముక్కలుగా వస్తుంది, దాని కోత నున్నగా ఉంటుంది. కత్తెరతో కోసిన అట్టకు మూలల్లో చిన్న చిన్న మెట్లు కనిపిస్తాయి. గ్యాస్కెట్ కింద రెండు రంగుల బంక ఉంటే, అడుగున పాతది గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారి, పైన పసుపో తెలుపో ఇంకా సాగుతూ ఉంటే, కనీసం ఒకసారి కోన్ లేచినట్టే. తర్వాత వెనుకకు తిప్పి స్పైడర్ (కాయిల్‌ను నడిమధ్య నిలిపే ముడతల గుడ్డ) రంగు చూడాలి. దశాబ్దాల పాటు వెనుక తెరిచి ఉన్న పెట్టెలో కూర్చున్న స్పీకరు చట్రం మీద మన ఎర్రమట్టి దుమ్ము పొరగా పట్టి ఉంటుంది. చట్రానికి ఉన్న దుమ్ము స్పైడర్ ముడతల్లో లేకపోతే ఆ రెండూ ఒకే కాలం గడపలేదు. కోన్ నుంచి టెర్మినల్ పట్టీకి వచ్చే అల్లిక తీగలు మూడో ఆధారం. ఫ్యాక్టరీ సోల్డర్ బొట్టు పాతబడి మసకబారుతుంది, తీగ పట్టీ రంధ్రంలోంచి వచ్చి మెలి తిరిగి ఉంటుంది. పాత బొట్టు మీద కొత్త మెరిసే బొట్టు వేసి ఉంటే చెప్పేదేముంది.

కోన్ మార్చారని తేలితే చాలామంది ముఖం ముడుచుకుంటారు, నేను ముడుచుకోను. స్పాంజి అంచు ఉన్న కోన్ పదిహేను ఇరవై ఏళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది, మన ఎండకూ ఉక్కకూ ఇంకా ముందే; ఆ తరం వూఫర్ ఒకటి అంచు చెక్కుచెదరకుండా ఇప్పుడు కనిపిస్తే అది మార్చినదనే ముందు అనుమానించాలి. అంచు మాత్రమే మార్చి కోన్‌ను, వాయిస్ కాయిల్‌ను అలాగే ఉంచిన స్పీకరు నా దృష్టిలో దాదాపు ఒరిజినలే. కాగితం ముడతలే అంచుగా ఉన్నవి, గుడ్డ అంచు ఉన్నవి అరవై ఏళ్లయినా నిలుస్తాయి, వాటిలో మార్పు కనిపిస్తే కారణం కాయిల్ కాలిపోవడమే అయి ఉంటుంది. అమ్మేవారు ఆ సంగతి చెప్పకుండా ఒరిజినల్ ధర అడగడం మాత్రం నేను ఒప్పుకోను.

కాయిల్‌ను విప్పకుండా పరీక్షించడానికి మల్టీమీటర్ చాలు. 8 ఓముల స్పీకరు మీటరు మీద సాధారణంగా 6 నుంచి 7 మధ్య చూపుతుంది, 16 ఓములది 11 నుంచి 13 దాకా, 4 ఓములది 3 పైచిలుకు. 15 ఓములని లేబుల్ ఉన్న పాత బ్రిటిష్ స్పీకరు 6 చూపితే, అందులో 8 ఓముల కాయిల్ వేశారన్నమాట. వాల్వు ఆంప్లిఫయర్‌కు తగిలించే ముందు ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే అక్కడ ఓముల తేడా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం మోపుతుంది.

జత స్పీకర్లయితే రెండు పెట్టెలనూ విప్పి పక్కపక్కన పెట్టి చూడటం మేలు. బీబీసీ రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ స్పీకరు తొలి నమూనాలో, అంటే 15 ఓముల దానిలో, కేఈఎఫ్ వారి బీ110 వూఫర్ మీద ఎస్‌పీ1003 అని, టీ27 ట్వీటర్ మీద ఎస్‌పీ1032 అని ఉంటుంది. 15 ఓముల పెట్టెలో వేరే అంకెతో వూఫర్ ఉంటే అది తర్వాత కూర్చినదే. క్రాసోవర్ బోర్డు (స్వరాలను వూఫర్‌కూ ట్వీటర్‌కూ విడదీసి పంపేది) మీది కెపాసిటర్లకు కూడా తరచుగా సొంత తేదీ కోడ్‌లు ఉంటాయి, స్పీకరు యూనిట్లను మార్చినవారు కూడా ఈ బోర్డు జోలికి పోకపోవడం వల్ల కొన్నిసార్లు పెట్టెలో అత్యంత నమ్మకమైన సాక్షి అదే అవుతుంది. యూనిట్ తేదీ పెట్టె తేదీ కన్నా కొన్ని నెలలు ముందుండటం మామూలే, ఫ్యాక్టరీలో సరుకు నిల్వ ఉంటుంది కదా. పెట్టె కన్నా యూనిట్ తర్వాతిదైతేనే అది బయటి నుంచి వచ్చినట్టు.

మైకు బూరల విషయంలో ఒరిజినల్ అన్న పట్టింపు నాకు తక్కువ. అల్యూమినియం బూర ఒకరిది, డ్రైవర్ యూనిట్ ఇంకొకరిది, లోపలి డయాఫ్రం (కంపించే పలుచని పొర) ఏ సీజనులోనో కాలిపోతే వేసినది, ఇలా ఉండటమే వాటికి సహజం. డయాఫ్రం అసలు మార్చుకోవడానికే స్క్రూలతో బిగించిన భాగం. బూర అంచుకు వేసిన రంగుల పొరలు, మైకు సెట్టు యజమాని పేరు రాయించిన పెయింటు, దాని కింద కనిపించే అంతకు ముందటి యజమాని పేరు, ఇవే అక్కడ చదవవలసిన చరిత్ర.

ఇవన్నీ చూసేదాకా దేన్నీ తుడవవద్దు. చట్రం మీది కోడ్ చాలాసార్లు రబ్బరు ముద్రతో వేసిన సిరా మాత్రమే. థిన్నర్, పెట్రోలు తగిలితే మీ కళ్ల ముందే చెరిగిపోతుంది. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, టార్చిలైటును పక్కవాటుగా పట్టి ఫోటోలు తీస్తే మాసిపోయిన అంకెలు కూడా నీడలో తేలతాయి. తుప్పు పట్టిన మాగ్నెట్ మూత మీద ఎమెరీ పేపర్ ఆడించాలన్న ఉబలాటాన్ని ఆ ఫోటోలు తీసేదాకా ఆపుకోండి. స్క్రూ డ్రైవర్‌ను మాత్రం మాగ్నెట్ వైపు నుంచి దూరంగా ఉంచండి, అది చేతిలోంచి లాక్కుపోయి కోన్‌కు కన్నం పెట్టగలదు.