కర్రపోరులో ఏ దెబ్బకు భయపడాలి

పూర్తి బలంతో కొట్టుకునే కర్రపోరులోకి వచ్చిన కర్రసాము మనిషికి మొదటి దెబ్బ దాదాపు ఎప్పుడూ చేతివేళ్ల మీదే పడుతుంది. మన ఉత్తరాంధ్రలో పండగ ఊరేగింపుల ముందు తిప్పే కర్ర ఇంచుమించు మనిషి ఎత్తు ఉంటుంది. దాన్ని రెండు చేతులతో ఆడిస్తారు. తిప్పేవారి ఒడుపు చుట్టూ నిలబడినవారికి కనిపించడం అక్కడ ముఖ్యం. ఫిలిప్పీన్స్ యుద్ధకళ ఎస్క్రిమా నుంచి వచ్చిన ఈ పోరులో కర్ర సుమారు 28 అంగుళాల పేము బెత్తం, దాన్ని ఒంటి చేత్తో పడతారు. ఎదుటివాడికి మన కర్రతో పని లేదు, కర్ర పట్టిన చేయి దొరికితే చాలు.

నేను గాజువాక వైపు ఒక మాస్టారి దగ్గర కర్రసాము నేర్చుకొని, ఆ తరువాత ఈ పోరులోకి వచ్చాను. విశాఖలో దీన్ని మొదలుపెట్టాలనుకునే కుర్రవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, బాగా నొప్పెడుతుందా?" నొప్పెడుతుంది, అందులో దాచడానికేమీ లేదు. కానీ ఈ ఆటలో నొప్పి ఒక దారిన, ప్రమాదం ఇంకో దారిన నడుస్తాయి. కొత్తవారు నొప్పిని చూసి జాగ్రత్తలు నిర్ణయించుకుంటారు కనుక, కాలిపిక్క మీద తట్టు తేలితే వారం రోజులు మానేస్తారు, తల దిమ్మెక్కితే మాత్రం నీళ్లు తాగి మళ్లీ బరిలోకి దిగుతారు.

ఈ పోరుకు ఇప్పుడు ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. కాలిఫోర్నియాలో 1988లో మొదలైన డాగ్ బ్రదర్స్ బృందం కత్తి ఆట ఫెన్సింగ్‌లో వాడే తీగ జాలీ మాస్కు, తేలికపాటి గ్లౌజులతోనే తలపడుతుంది. అక్కడ పాయింట్లు లేవు, గెలుపోటములు ప్రకటించేవారూ లేరు, సాయంత్రానికి అందరూ స్నేహితులుగానే మిగలాలన్నది మాత్రం నియమం. 1989లో సెబూలో తొలి ప్రపంచ పోటీ జరిపిన సమాఖ్య పద్ధతిలో మెత్తలు కుట్టిన కోటు, హెల్మెట్ వేసుకొని పాయింట్ల కోసం ఆడతారు. మొదటిది కొత్తవారి పని కాదు. రెండోది చూడడానికి క్షేమంగా ఉంటుంది గానీ, కోటు ఉన్నదన్న ధీమాతో దెబ్బ తింటూ దెబ్బ కొట్టే అలవాటు ఒంటబడుతుందని నా అభిప్రాయం. మన రాష్ట్రంలో కర్రల పోరు అనగానే అందరికీ గుర్తొచ్చేది దేవరగట్టు. విజయదశమి అర్ధరాత్రి అక్కడ ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి. కానీ అది దేవుడితో ముడిపడిన వ్యవహారం, సాధన కాదు.

సామాను దగ్గర మనవాళ్లు చేసే సర్దుబాట్లు నన్ను భయపెడతాయి. పేము లోపల గట్టిగా నిండి ఉంటుంది, దెబ్బలు తిన్నకొద్దీ పీచుపీచుగా చీకిపోతుంది. వెదురు అలా కాదు, బోలుగా ఉండి నిలువునా చీలుతుంది, ఆ చీలిక అంచు చాకులా కోస్తుంది. పేము దొరకలేదని వెదురు పట్టుకోవడం అందుకే వద్దంటాను. ఇంట్లో ఉన్న క్రికెట్ హెల్మెట్ కూడా పనికిరాదు: దాని ముందున్న కడ్డీల సందు బంతి దూరకుండా లెక్క చూసి పెట్టినది, అంగుళం మందం ఉన్న కర్ర కొస అందులోంచి నేరుగా కంటికి వస్తుంది. ఫెన్సింగ్ మాస్కు తెప్పించుకోవలసిందే. తెప్పించుకున్నాక అదేం చేయగలదో కూడా తెలుసుకోవాలి. ఫెన్సింగ్ పోటీలకు ముందు ఆ జాలీ మీద పంచ్ అనే మొనదేలిన పనిముట్టును 12 కిలోల ఒత్తిడితో నొక్కి తీగ లొంగుతుందేమో చూస్తారు. అంటే ఆ పరీక్ష అంతా కత్తి మొన గురించే. నడినెత్తి మీద మోదే కర్రను దృష్టిలో పెట్టుకొని ఎవరూ దాన్ని తయారు చేయలేదు. తల వెనుక భాగాన్ని అది కప్పదు కూడా. పైనా వెనుకా మందపాటి మెత్త కట్టుకున్న తరువాతే దాన్ని పోరు మాస్కు అనాలి.

చేతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. క్రికెట్ బ్యాటింగ్ గ్లౌజులు ఏమీ లేకపోవడం కంటే మేలు. అయితే వాటి మెత్తలు ముందునుంచి వచ్చే బంతి కోసం అమర్చినవి కనుక బొటనవేలి పక్క, వేళ్ల చివరలు బయటే ఉంటాయి. దెబ్బ తగిలి వేలు వాచినప్పుడు మెల్లగా పిడికిలి ముడిచి చూడండి. నాలుగు వేళ్ల కొసలూ మణికట్టు మొదలువైపు ఒకే దిశగా వాలాలి. ఒక వేలు పక్కదాని మీదికి ఎక్కుతుంటే ఎముక విరిగి మెలి తిరిగిందని అనుమానించాలి. దాన్ని అలాగే వదిలేస్తే వంకరగా అతుక్కుంటుంది, ఆ తరువాత పెన్ను పట్టుకోవడమూ కష్టమే. కట్టు ఎవరి దగ్గర వేయించుకున్నా ముందు ఎక్స్‌రే తీయించాలి. ముంజేతిని అడ్డుపెట్టేవారికి చిటికెనవేలి వైపు ఉండే అల్నా ఎముక విరుగుతుంది. లాఠీ దెబ్బకు చేయి అడ్డుపెట్టినవారికి విరిగేదీ అదే.

తొడ మీద లోతుగా తగిలిన దెబ్బకు మన ఇళ్లలో వెంటనే కాపడం పెట్టి, నూనె రాసి మర్దనా చేస్తారు. తొలి రోజుల్లో అది చేయకూడదు. లోపల పేరుకున్న రక్తం పెరుగుతుంది, ఒక్కోసారి ఆ కండలోనే ఎముకలాంటి గట్టిదనం ఏర్పడుతుంది. ఐసు పెట్టి, మోకాలిని వీలైనంత ముడిచి ఉంచి, కండకు విశ్రాంతి ఇవ్వడం మంచిది. మా అమ్మను దీనికి ఒప్పించడం నాకు ఇప్పటికీ సాధ్యం కాలేదు.

విశాఖ ఉక్కపోత గురించి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాస్కు పెట్టుకొని పొద్దెక్కాక ఆడకూడదు, అంతే.

ఇక తల. కపాలంలో మెదడు ద్రవం మధ్య ఉంటుంది. దెబ్బకు తల ఒక్కసారిగా గిరుక్కున తిరిగితే మెదడు లోపల కుదుపుకు లోనవుతుంది. మాస్కు చర్మాన్ని, ఎముకను కాపాడుతుంది కాబట్టి నొప్పి పెద్దగా తెలియదు, ఆ కుదుపు మాత్రం జరిగిపోతుంది. పురుషుల అమెచ్యూర్ బాక్సింగ్‌లో 2013లో హెడ్‌గార్డులు తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగవారు అవి లేకుండానే ఆడారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న వాదన అలా ఉంచితే, తలమీద మెత్త ఉంటే మెదడు క్షేమం అనుకోవడం ఎంత తొందరపాటో అది గుర్తు చేస్తుంది. ఇలాంటి కుదుపుకు మెదడు దెబ్బతినడాన్నే కంకషన్ అంటారు. అది అయినవారిలో చాలామందికి స్పృహ తప్పదు, సీటీ స్కాన్‌లోనూ ఏమీ కనిపించకపోవచ్చు. వెలుతురు చూడలేకపోవడం, ఇప్పుడే చెప్పిన మాటను మళ్లీ అడగడం, అకారణంగా చిరాకు పడడం, నడకలో తడబాటు ఇలాంటివే గుర్తులు. అది తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, ముఖ్యంగా చిన్న వయసువారిలో ప్రాణాంతకమైన మెదడు వాపు రావచ్చు.

అందుకే మా బృందంలో కొత్తవారికి చాలాకాలం తల మీద గురి ఉండదు. చేయి, తొడ మాత్రమే, అదీ సగం వేగంతో. కర్ర మీదికి వస్తున్నప్పుడు కళ్లు మూసుకోకుండా ఉండడం ఆ దశలోనే అలవాటు కావాలి. "ఏటి బాబూ, కర్ర కనబడకుండా ఎలాగ ఆపుతావు?" అని మాస్టారు నన్ను అప్పట్లో రోజూ గదమాయించేవారు. తలకు గట్టిగా తగిలినవాడు, తనకేమీ కాలేదని ఎంత బతిమాలినా, ఆ రోజుకు మాస్కు తీసి పక్కన కూర్చోవలసిందే. ఆ మాట చెప్పడానికి ఆడని మనిషి ఒకరు విజిల్‌తో పక్కన ఉంటారు. దెబ్బ తిన్నవాడి తీర్పును ఆ క్షణంలో మేము లెక్కలోకి తీసుకోము. అతను ఆ పూట బండి నడపకూడదు, ఆ రాత్రి గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎందుకంటే రక్తస్రావం లక్షణాలు కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, ఒక కనుపాప పెద్దదిగా కనిపించడం, ముక్కు లేదా చెవి నుంచి నీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, న్యూరోసర్జన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికో తీసుకెళ్లాలి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారిని, కంటి లోపలి పొర రెటీనాకు ఆపరేషన్ అయినవారిని మేము ఈ పోరులోకి చేర్చుకోము. పద్దెనిమిదేళ్లు నిండనివారిని, తల్లిదండ్రులే వచ్చి ఒప్పుకున్నా, తల మీద గురి ఉన్న ఆటకు రానివ్వము.