మా ఇంట్లో గ్రంథ్ సాహిబ్ ఎందుకు లేదంటే

"మీ ఆయన సిక్కు కదా, మరి మీ ఇంట్లో గ్రంథ్ సాహిబ్ లేదా?" అని ఇక్కడ సర్రేలో మన తెలుగువాళ్ల భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దేవుడి గదిలో భగవద్గీత ఉన్నట్టు అదీ ఓ పక్కన ఉంటుందని వాళ్ల ఉద్దేశం. అలా కుదరదండీ. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ ఇంట్లో ఉండాలంటే విడిగా ఒక గది కావాలి, తెల్లవారుజామునే స్నానం చేసి తల కప్పుకుని ప్రకాశ్ చెయ్యాలి, అంటే పైన కప్పిన రుమాలాలు (పట్టుగుడ్డలు) తొలగించి తెరిచి చదవాలి, రాత్రి కీర్తన్ సోహిలా అనే ప్రార్థన చదివి సుఖాసన్ చెయ్యాలి, అంటే మూసి పడుకోబెట్టాలి. ఊరెళ్తున్నాం, వచ్చాక చూద్దాం అంటే నడవదు. మేమిద్దరం షిఫ్టుల్లో పనిచేసేవాళ్లం, అంత సేవ మా వల్ల కాదని తెలిసే పెట్టుకోలేదు. పెట్టుకోకపోవడం కూడా గౌరవమే అంటారు మా అత్తగారు.

వాళ్లింట్లో మాత్రం ఉంది. పై అంతస్తులో బాబాజీ గది (గ్రంథ్ సాహిబ్‌ని వాళ్లు అలాగే పిలుస్తారు), దాని నెత్తిన ఇంకెవరూ నడిచే వీల్లేకుండా. మా పిల్లలు ఎక్కువగా నేర్చుకున్నది అక్కడే, అదీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే. వాళ్ల దాదీ, అంటే నానమ్మ, చౌర్ (చామరం) వీస్తుంటే చూస్తారు, తాతగారు చెప్పుల్లేకుండా గ్రంథాన్ని తల మీద పెట్టుకుని తీసుకొస్తుంటే అందరూ లేచి నిలబడటం చూస్తారు, చలికాలంలో దుప్పటి కప్పడం కూడా చూస్తారు. మా చిన్నోడు ఒకసారి "పుస్తకానికి చలేస్తుందా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే కదా! పుస్తకం కాదు, గురువు అని చెప్పారు వాళ్ల తాతగారు. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని చెప్పినప్పటి నుంచీ నడుస్తున్న మర్యాద అది. అందుకే అందులోని 1430 పేజీలనూ పేజీలనరు, అంగ్‌లు, అంటే అవయవాలు అంటారు.

మా అమ్మ నిజామాబాద్ నుంచి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆవిడ ఆ గదిలోకి పసుపు కుంకుమ, కర్పూరం పట్టుకుని బయల్దేరింది. భక్తితోనే కదా. మా అత్తగారు చెయ్యి పట్టుకుని, మొహమాటపడుతూనే, హారతి వద్దు బెహన్‌జీ, కూర్చుని వినండి చాలు అన్నారు. సిక్కుల నియమావళి అయిన సిక్కు రెహత్ మర్యాదలో ధూపదీపాలతో, గంటలతో ఆరతి ఇవ్వడానికి ఒప్పుకోరు. ఇంత మర్యాద చేసి, పట్టుబట్టలు కప్పి, సాష్టాంగపడి, హారతి మాత్రం వద్దంటే మా అమ్మకి చాలా రోజులు మింగుడు పడలేదు. నాకైతే పిల్లలకి చెప్పడానికి అదే బాగా పనికొచ్చింది. తల వంచుతున్నది కాగితానికీ సిరాకీ కాదురా, లోపల రాసున్న మాటకి, ఆ మాట చదవకపోతే వంచిన తల దేనికీ అని.

మా నాన్న మాత్రం వినగానే పడిపోయారు. కబీరు, నామదేవుడు, రవిదాసు ఈ గ్రంథంలో ఉన్నారని తెలిసి, పైగా అందులోని చాలా శబద్‌లలో (కీర్తనల్లో) రామ్, హరి, గోవింద్ వినిపిస్తుంటే "మన రాముడే" అని తేల్చేశారు. దశరథుడి కొడుకు కాదు మామయ్యా, రూపం లేని రాముడు అని మా ఆయన మెల్లగా సర్దిచెప్పబోయారు. వాళ్లిద్దరికీ ఇప్పటికీ తెగలేదు.

పాప పుట్టినప్పుడు ఇటు పంతులుగారు నక్షత్ర పాదం చూసి ఒక అక్షరం చెప్పారు, అటు గురుద్వారాలో హుకమ్ తీస్తే, అంటే గ్రంథాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి వచ్చిన శబద్ చదివితే, దాని మొదటి అక్షరం ఇంకోటొచ్చింది. హుకమ్ అక్షరమే పేరయింది. పంతులుగారి అక్షరంతో మా అమ్మ బియ్యంలో ఉంగరంతో రాయించిన పేరుతో ఆవిడొక్కతే పిలుస్తుంది. అక్షరాభ్యాసం బాసరలో చేయించాం, అక్కణ్ణుంచి రైలెక్కి అదే గోదావరి ఎగువన ఉన్న నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారాకి వెళ్లాం. మా అత్తగారు బాసర గుళ్లో పలకల మీద ఓం రాస్తున్న పిల్లల్ని చూసి ఎంత మురిసిపోయారో!

మా ఇంట్లో ఉన్నది గుట్కా. జప్‌జీ, రెహ్రాస్ లాంటి రోజూ చదివే బాణీలు, అంటే ప్రార్థనలున్న చిన్న పుస్తకం, గుడ్డలో చుట్టి పై అరలో పెడతాం. చేతులు కడుక్కుని, తల కప్పుకునే తియ్యాలి. అది చిరిగిపోతే చెత్తలో వెయ్యరు, గురుద్వారాలో ఇచ్చేస్తాం. పంజాబ్‌లో పాతబడిన గ్రంథాలను గోయింద్‌వాల్ సాహిబ్‌లో అగ్నికి అప్పగిస్తారు, మనిషికి చేసినట్టే. ఈ మాట విన్నాక పిల్లలు ఇంకేమీ అడగలేదు.

టెన్షనంతా ఫోన్‌తోనే. అందులోనూ నిత్‌నేమ్ (రోజువారీ ప్రార్థనల) యాప్ ఉంది మరి, ఆ ఫోన్ బాత్రూమ్‌కి తీసుకెళ్లొచ్చా అని మా పాప అడిగింది. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. మా ఆయన అయితే కారులో పాఠ్ (బాణీల పఠనం) వింటూ ఆఫీసుకెళ్తారు. మా ఇంటివరకు మేం పెట్టుకున్నది ఇదీ: తెర మీద బాణీ ఉన్నంతసేపు తల కప్పుకుని ఒకచోట కూర్చోవడం, మధ్యలో చిప్స్ తినకపోవడం. మూసేశాక అది మామూలు ఫోనే. దీన్ని ఒప్పుకోని బంధువులున్నారు, ఉండనివ్వండి.

నా గొడవ వేరే. తల కప్పుకోవడం, మత్తా టేకడం (నుదురు నేలకి ఆనించి మొక్కడం) పిల్లలకి ఒక్కరోజులో వచ్చేస్తాయి. ఇక్కడ పుట్టిన బంధువుల పిల్లల్లో చాలామంది అవన్నీ చక్కగా చేస్తారు, గ్రంథం రాసున్న గురుముఖి లిపి మాత్రం ఒక్క లైను చదవలేరు. మా అత్తగారికి ఇది పెద్ద బాధ. తెలుగు విషయంలో నాదీ అదే బాధ, అందుకేనేమో మాకిద్దరికీ ఇక్కడ బాగా కుదిరింది. శనివారం తెలుగు క్లాసు, ఆదివారం గురుద్వారాలో గురుముఖి క్లాసు. హోమ్‌వర్క్ ఎక్కువైందని పిల్లలు గింజుకుంటారు, మా ఆయన కూడా వాళ్ల పక్షమే. అయినా మానిపించం. పాప ఇప్పుడు జప్‌జీ కూడబలుక్కుని చదువుతోంది, తప్పు చదివితే దాదీ ఆపి మళ్లీ చదివిస్తారు.