ఏడో నెల రిపోర్టులో ఎర్ర అంకెలు

మా చెల్లెలికి ఏడో నెల నిండుతుండగా రక్తహీనత పరీక్షకని వెళితే, ప్యాకేజీలో ఉందని ల్యాబువాళ్లు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష) కూడా చేశారు. మొత్తం కొలెస్ట్రాల్ 248, ట్రైగ్లిజరైడ్లు 236 అని ఎర్రగా అచ్చయిన ఆ కాగితం చూడగానే మా అమ్మ ముద్దపప్పులో నెయ్యి మానిపించింది. గర్భిణి కాని మనిషికి గీసిన గీతను దాటినందుకే ఆ ఎరుపు పడిందని డాక్టరు గారు వివరించేదాకా, రెండు రాత్రులు ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

తొలి నెలల్లో తల్లి శరీరం కొవ్వును కూడబెట్టుకుంటుంది. చివరి నెలల్లో మావి హార్మోన్ల ప్రభావంతో ఆ నిల్వ కరిగి రక్తంలోకి వస్తుంది. ఈస్ట్రోజన్ పెరగడం వల్ల కాలేయం ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా తయారుచేస్తే, వాటిని రక్తం నుంచి తొలగించే ఎంజైము అదే సమయంలో మందగిస్తుంది. కాన్పు నాటికి ట్రైగ్లిజరైడ్లు రెండు మూడు రెట్లు, కొలెస్ట్రాల్ దాదాపు 30 నుంచి 50 శాతం పెరగడం అందుకే సహజం. తల్లి కొవ్వును ఇంధనంగా వాడుకుంటే గ్లూకోజు బిడ్డకు మిగులుతుంది. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్‌ను మావి తయారుచేసుకునేది కూడా తల్లి రక్తంలోని కొలెస్ట్రాల్‌తోనే.

బరువు పెరిగినందువల్లే ఈ అంకెలు పెరిగాయని మేము అనుకున్నాం. నిజానికి, అధిక బరువుతో గర్భం దాల్చినవారిలో ట్రైగ్లిజరైడ్లు మొదటినుంచే ఎక్కువగా ఉన్నా, ఆ తరువాత పెరిగే వేగం సన్నగా ఉన్నవారిలో కన్నా తక్కువగా కనిపిస్తుంది. సాధారణ బరువున్నవారు 11.5 నుంచి 16 కిలోలు, ఊబకాయం ఉన్నవారు 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలని 2009లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సూచించింది. (ఇద్దరి కోసం తినాలనే మా పెద్దమ్మకు ఈ లెక్క నచ్చలేదు.)

అంతమాత్రాన ప్రతి ఎర్ర అంకెనూ కొట్టిపారేయలేము. ట్రైగ్లిజరైడ్లు 1000 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. వంశపారంపర్యంగా ఈ సమస్య ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

కాన్పయిన మూడో నెలలో చెల్లెలికి మళ్లీ పరీక్ష చేయించాము. ట్రైగ్లిజరైడ్లు 118కి దిగాయి. పెరిగిన బరువులో 5 కిలోలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.