మూల దగ్గరి వెలుగు

పదకొండు దాటింది. మా ఆవిడ పడుకుంది. కూలర్‌లో నీళ్లు పొయ్యమన్నది, అదీ మర్చిపోయాను. కళ్లు మూస్తే ఆ ఏడో జాయింటే కనిపిస్తోంది.

మిర్యాలగూడ రోడ్డు మీది ఫంక్షన్ హాల్ పని సంగతే. పొద్దుగూకినాక, లీకులుంటే వెలుగు బయటికి కనిపిస్తుందని, డక్ట్‌లోకి (గాలి పోయే రేకు గొట్టంలోకి) బల్బు దింపి, హాల్లో లైట్లన్నీ ఆర్పించాను. ఆరు జాయింట్లు చీకటిగానే ఉన్నాయి. ఏడోదానికి టేపు చుట్టి ఉంది. అంచు గోటితో లేపితే జానెడు ఊడి వచ్చింది. కింద ఫ్లాంజ్ (రెండు ముక్కల్ని బోల్టులతో కలిపే అంచు) మూలలో సూదిమొనంత వెలుగు. మధ్యలో పెట్టే మెత్తటి పట్టీ, గాస్కెట్ లేదు, మూలముక్క దగ్గర సందు పూడ్చే సీలెంట్ చుక్క కూడా లేదు.

"కింద ఫాల్స్ సీలింగ్ వస్తది గద సార్, ఎవరు చూస్తరు?" అన్నాడు ఆ జాయింట్ బిగించిన దేవరకొండ పిల్లగాడు.

ఆ మాటకే ఒళ్లు మండింది. అందరి ముందూ అరిచాను. గుడ్డ టేపు జిగురు వేడికి ఎండి వదిలేస్తుంది. 1998లోనే అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ పరీక్షల్లో ఆ టేపే ఓడిపోయింది. స్మాక్నా (అక్కడి రేకు పని, ఏసీ కాంట్రాక్టర్ల సంఘం) ప్రమాణాల్లో డక్ట్ సీల్ చేయడానికి మూడు తరగతులు. తక్కువదైన 'సి'లో కూడా ముక్కకూ ముక్కకూ మధ్య జాయింట్లన్నీ సీల్ చేయాల్సిందే. 'బి'కి పొడవు అతుకులు, 'ఎ'కి డక్ట్ గోడలోంచి ఏవైనా దూరే చోటి రంధ్రాలు కూడా కలుస్తాయి. మేం 'సి' గడప కూడా ఎక్కలేదు.

నాయన రైస్ మిల్లులో హమాలీ చేసిన రోజులు యాదికొచ్చాయి. నేను సద్ది తీసుకుని పోయేవాణ్ని. దుమ్ము గుంజే గొట్టం ఒకటి జల్లెడ మీది నుంచి ఫ్యాన్ దాకా ఉండేది. ఒకరోజు నాయన బీడీకట్ట కాగితం చింపి ఆ గొట్టం అతుకు దగ్గర పట్టాడు. కాగితం టక్కున అతుక్కుంది. "ఈడ దొంగగాలి తాగుతుంది, అందుకే ఆడ మూతి కాడ గుంజుతలేదు" అన్నాడు. బయటికి ఒక్క రవ్వ తవుడు రాలడం లేదు, అయినా లీకే. జల్లెడ దగ్గర మాత్రం మనుషుల కనురెప్పల మీద తెల్లగా దుమ్ము. గోనెగుడ్డ తడిపి కట్టారు. ఎండగానే మళ్లీ అదే కథ. నాయన దగ్గు ఇంట్లో అందరికీ తెలిసిందే.

ఇంతదాకా ఆ పిల్లగాడి తప్పే రాద్దామనుకున్నాను. కానీ గాస్కెట్ రోల్ అయిపోయిందని సోమవారమే చెప్పాడు. "రేపు పంపుతా, పని ఆపకు" అన్నది నేనే. మంగళవారం పంపలేదు. పని ఆపొద్దంటే వాడి చేతిలో ఉన్నది టేపే కదా. 'ఎవరు చూస్తరు' అన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అరవడం మాత్రం నాకు తగనిది. వాడు టేపు ఉండ చుట్టి జేబులో పెట్టుకుని, అన్నం తినకుండానే పోయాడు.

మిగతా ఆరింటి మీద వెలుగు రాలేదు గానీ, వాటి మూలలు చేత్తో తడిమి చూడలేదు. పొద్దున్నే రెండు రోల్స్, సీలెంట్ గన్ బండి మీద నేనే తీసుకుపోతాను. ఏడోది వాడితోనే విప్పించి, పక్కన నిలబడి బోల్టులు అందిస్తాను.

ఇప్పుడు లేచి కూలర్‌లో నీళ్లు పోయాలి.