వానలెక్క ప్యాకేజీ: మాడ్యూళ్లు చోటు మారినా పాత ఇంపోర్టులు నడవాలి

వానలెక్క అంటే మండలాలవారీగా వాన కొలతలు కూడే చిన్న పైథాన్ ప్యాకేజీ. ఉదయం 8.30కి రెయిన్‌గేజ్‌లో చూసిన మిల్లీమీటర్లు సీఎస్‌వీలో వేస్తే చాలు. పాత వర్షన్‌లో ఉమ్మడి జిల్లాకో మాడ్యూల్ (ఇంపోర్ట్ చేసి వాడుకునే కోడ్ ఫైలు) ఉండేది: వానలెక్క.పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్), వానలెక్క.నల్లగొండ. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరు 11న విడిపోయాయి, 2019లో నారాయణపేట వేరుపడింది, కోడ్ మాత్రం ఉమ్మడిలోనే ఉండిపోయింది. ఈ విడతలో వానలెక్క.జిల్లాలు కింద కొత్త జిల్లాకో ఫైలు పెట్టి, యుటిల్స్ అనే పాత ఫైల్లోని ఫంక్షన్లన్నీ వానలెక్క.గణనలోకి మార్చాం. పాత స్క్రిప్టుల్లో ఒక్క లైను కూడా మార్చొద్దన్నది షరతు.

యుటిల్స్

మొదట యుటిల్స్ ఫైల్లో ‘ఫ్రమ్ వానలెక్క.గణన ఇంపోర్ట్ స్టార్’ (గణనలోని పేర్లన్నీ తెమ్మనే లైను) ఒక్కటే ఉంచి చూశాం. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లు స్టార్‌లో రావు. గణనలో డండర్ ఆల్ (డండర్ అంటే పేరుకు అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు; ఇది స్టార్‌తో వెళ్లే పేర్ల జాబితా) ఉంటే అందులో లేనివీ రావు. ఇవి ఎర్రర్‌తో బయటపడతాయి కాబట్టి నయం. అసలు చిక్కు వేరే: స్టార్ పేర్లను మాత్రమే తెస్తుంది, మాడ్యూల్‌ను కాదు. వానరోజుకు కనీస వాన 2.5 మి.మీ. అని గణనలో ఉంది. పాత స్క్రిప్టు యుటిల్స్.కనీస_వానను 1.0 చేస్తే అది యుటిల్స్‌లోనే మారుతుంది, ఫంక్షన్ గణనలోని 2.5నే చూస్తుంది. ఎర్రర్ రాదు, లెక్క తప్పుతుంది. టెస్టుల్లో మాక్ ప్యాచ్‌కూ (టెస్టు కోసం ఒక పేరు విలువను తాత్కాలికంగా మార్చడం) ఇదే గతి.

అందుకే యుటిల్స్‌లో ఇప్పుడు సిస్‌ను, గణనను ఇంపోర్ట్ చేసి, సిస్.మాడ్యూల్స్‌లో (పైథాన్ లోడ్ చేసిన మాడ్యూళ్ల పట్టిక) డండర్ నేమ్ (యుటిల్స్ సొంత పేరు) కీకి గణననే కట్టాం. రెండు పేర్లు, ఒకే ఆబ్జెక్ట్. ఫైలును కాపీ కొట్టి రెండు చోట్లా ఉంచడం ఇంతకంటే సులువనిపిస్తుంది గానీ వద్దు: ఒకే క్లాసు రెండుగా లోడై ఈజ్‌ఇన్‌స్టాన్స్ (ఆబ్జెక్ట్ ఆ క్లాసుదేనా అని చూసే ఫంక్షన్) ఫాల్స్ అంటుంది.

పాత పికిల్ ఫైళ్లు (పైథాన్ ఆబ్జెక్టులను దాచినవి) కూడా దీంతోనే తెరుచుకుంటాయి, వాటిలో క్లాసు ఉన్న మాడ్యూల్ పేరు రాసి ఉంటుంది మరి. కొత్తగా రాసినవి గణన పేరుతో పడతాయి, వాటిని పాత వర్షన్ చదవలేదు.

పాలమూరు, నల్లగొండ

ఇక్కడ ఒక మాడ్యూల్ పలు ముక్కలైంది, యుటిల్స్‌కు వేసిన కట్టు కుదరదు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, నారాయణపేట ఫైళ్ల నుంచి పేర్లు తెచ్చినా పాత పాలమూరు పూర్తి కాదు. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి పోయాయి. వాటిని విడిగా తేవాల్సిందే. నల్లగొండ ఇంకా మోసం: వానలెక్క.నల్లగొండ ఉమ్మడి జిల్లా, వానలెక్క.జిల్లాలు.నల్లగొండ నేటి జిల్లా. పేరు ఒకటే కదా అని ఒకదానికి ఒకటి కడితే కోదాడ, హుజూర్‌నగర్, భువనగిరి చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. మార్చే ముందే పాత వర్షన్‌లో ఒక్కో మాడ్యూల్‌కు డిర్ (మాడ్యూల్‌లోని పేర్లు చూపే ఫంక్షన్) ఇచ్చిన పేర్లను టెక్స్ట్ ఫైల్లో దాచి, టెస్టులో కొత్తదానితో పోల్చాలి. షాద్‌నగర్ దొరికింది ఆ పోలికలోనే.

ఫైలే లేకుండా ప్యాకేజీ డండర్ ఇనిట్ ఫైల్లో డండర్ గెట్‌ఆటర్ (లేని పేరు అడిగితే నడిచే ఫంక్షన్) రాస్తే (పైథాన్ 3.7 నుంచి ఉంది) ‘ఫ్రమ్ వానలెక్క ఇంపోర్ట్ పాలమూరు’ నడుస్తుంది, ‘ఇంపోర్ట్ వానలెక్క.పాలమూరు’ మాత్రం మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ ఇస్తుంది. ఫైలు ఉండాల్సిందే.

హెచ్చరిక

పాత పేరు వాడొద్దని చెప్పే డిప్రికేషన్‌వార్నింగ్‌కు స్టాక్‌లెవల్ 2 (హెచ్చరికను ఇంపోర్ట్ చేసిన ఫైలు లైను మీద చూపమనే సెట్టింగు) తప్పనిసరి. లేకపోతే అది పాత ఫైలు లైనునే చూపిస్తుంది. మామూలు సెట్టింగులో మెయిన్ స్క్రిప్టు మీద పడ్డవే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ కనబడదు. మన కోడ్‌లోనే పాత పేర్లు ఎక్కడైనా మిగిలాయేమో చూడ్డానికి టెస్టులను డ్యాష్ డబ్ల్యూ ఎర్రర్‌తో (హెచ్చరికను ఎర్రర్‌గా మార్చే ఆప్షన్) నడపాలి.

క్రాన్

చివరికి మిగిలింది ‘పైథాన్ డ్యాష్ ఎమ్ వానలెక్క.యుటిల్స్’ అని నడిచే రోజువారీ క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని). ఇలా పిలిస్తే మెయిన్ అయ్యేది పాత ఫైలే. గణన మామూలు ఇంపోర్ట్‌గా వస్తుంది గనుక దానిలోని మెయిన్ బ్లాక్ (ఫైలును నేరుగా నడిపితేనే పనిచేసే భాగం) నడవదు. ఎగ్జిట్ కోడ్ 0, లాగ్ ఖాళీ, ఆ రోజు వాన లెక్కలో లేదు. యుటిల్స్‌లో డండర్ నేమ్ మెయిన్ అయితే గణన.మెయిన్‌ను పిలిచి, లేకుంటే పైన చెప్పిన కట్టు వేసేలా రాశాం. నల్లగొండకు మెయిన్‌ను పిలిచే ఈ మార్పు (కట్టు కాదు) ఇంకా చేయాలి.