ఐదు బ్రాంచిలకు వీపీఎన్ బాక్సులు కొన్న కథ – నా అనుభవం

మాది ఎరువులు, పురుగుమందుల డిస్ట్రిబ్యూషన్. హెడ్డాఫీసు గుంటూరులో, బ్రాంచిలు నరసరావుపేట, ఒంగోలు, ఖమ్మం, కర్నూలు, రాజమండ్రిలో ఉన్నాయి. ట్యాలీ, స్టాక్ సాఫ్ట్‌వేర్ రెండూ గుంటూరు సర్వర్‌లోనే ఉంటాయి. బ్రాంచి వాళ్లూ, హైదరాబాదులో ఇంటి దగ్గర కూర్చుని జీఎస్టీ రిటర్నులు చూసే అకౌంటెంట్ మేడమ్, ఊళ్లు తిరిగే సేల్స్ కుర్రాళ్లూ, అందరూ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ సర్వర్‌కే వచ్చి పని చేసుకుంటారు. నేను చేరేనాటికి దీనికోసం రూటర్‌లో 3389 పోర్టును (రిమోట్ డెస్క్‌టాప్ వచ్చే తలుపు అనుకోండి) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టి ఉంది. సర్వర్ నెమ్మదిగా ఉందంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను, సెక్యూరిటీ లాగ్ నిండా 4625 తప్ప ఇంకో నంబరు లేదు. లాగిన్ ఫెయిలయితే పడే ఎంట్రీ అది. అడ్మిన్, ట్యాలీ, అకౌంట్స్, బిల్లింగ్ అని పేర్లు మారుస్తూ ఎవరో రాత్రంతా ఆగకుండా పాస్‌వర్డులు ప్రయత్నిస్తున్నారు. ఆ స్క్రీన్ మా ఓనర్ గారికి చూపించాక బడ్జెట్ గురించి పెద్దగా మాట్లాడాల్సిన పని రాలేదు. "జూన్‌లో సీజన్ మొదలయ్యేలోపు అయిపోవాలయ్యా" అన్నారు, అంతే.

ఆ పోర్టు మూసేసి, బ్రాంచిలను వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ మీదే బయటివాళ్లు చదవలేని రహస్య దారితో (దాన్నే టన్నెల్ అంటారు) కలిపే బాక్సుల కోసం కొటేషన్లకు పిలిచాం. వచ్చిన ప్రతి వెండరూ ముందు స్పీడ్ గురించే మొదలుపెట్టాడు. "సార్, ఇది 10 జీబీపీఎస్ బాక్స్" అన్నాడొకాయన ఫోర్టినెట్ కంపెనీ ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే బాక్స్) ఫోర్టిగేట్ 60ఎఫ్ చూపించి. డేటాషీట్ అడిగి తీసుకుని ఇద్దరం కలిసే చదివాం. ఫైర్‌వాల్ 10 జీబీపీఎస్ నిజమే, ఐపీసెక్ (టన్నెల్ కట్టే ఒక పద్ధతి) వీపీఎన్ 6.5 జీబీపీఎస్, కానీ వైరస్ చెకింగ్, దాడుల తనిఖీ లాంటివి ఆన్ చేస్తే 700 ఎంబీపీఎస్. దీంట్లో మోసమేమీ లేదు, మూడూ ఒకే పేజీలో అచ్చేసి ఉన్నాయి, చివరి అంకె దాకా ఎవరూ చదవరు, అంతే. మా లైనుకు ఆ 700 కూడా ఎక్కువే. ఎందుకంటే బ్రాంచిలన్నిటికీ వెళ్లేది హెడ్డాఫీసు అప్‌లోడ్ నుంచే. అక్కడ అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ అయితే ఎంత పెద్ద బాక్స్ పెట్టినా 100 దాటి వెళ్లదు. అందుకే బాక్స్ సంగతి పక్కనపెట్టి ముందు లైన్ల మీద పడ్డాను, నిజమైన పనంతా అక్కడే ఉంది.

బ్రాంచి రూటర్లలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రసు) చూస్తే 100.72తో మొదలయ్యేది ఒకటి, 100.90తో మొదలయ్యేది ఇంకొకటి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు సర్వీస్ ప్రొవైడర్ లోపల వాడుకునేవి, ఒకే పబ్లిక్ ఐపీ వెనక బోలెడుమంది కస్టమర్లుంటారు. సీజీనాట్ అంటారు దీన్ని. ఇలాంటి లైనుకు బయటి నుంచి ఎవరూ కనెక్ట్ కాలేరు, రూటర్‌లో పోర్టు తెరిచినా లాభం లేదు. ఐదు చోట్లా స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ అడ్రసు) కొనాలేమో అని ఓనర్ గారు టెన్షన్ పడ్డారు గానీ అవసరం లేదు. హెడ్డాఫీసుకు ఒక్క స్టాటిక్ ఐపీ ఉంటే చాలు, బ్రాంచి బాక్సే లోపలి నుంచి గుంటూరుకు డయల్ చేస్తుంది, యూడీపీ 500, 4500 పోర్టుల మీద టన్నెల్ కడుతుంది. 4జీ డాంగిల్ మీద కూడా ఇది పని చేస్తుంది, కాబట్టి ఫైబర్ తెగిన రోజున కూడా బిల్లింగ్ ఆగదు. అయితే హెడ్డాఫీసు బాక్సు "అవతలివాడి ఐపీ ఏదైనా సరే, ఐడీ సరిపోతే రానిస్తాను" అనేలా ఉండాలి. నేను వెండర్లను అడిగిన మొదటి ప్రశ్న ఇదే, రెండు కొటేషన్లు అక్కడే పక్కకు పోయాయి. ఒకాయనైతే పీపీటీపీ పెడదాం సార్, సింపుల్‌గా అయిపోతుంది అన్నాడు. అది పాతకాలపు వీపీఎన్ పద్ధతి. దాంట్లో పాస్‌వర్డ్ తనిఖీకి వాడే ఎంఎస్-చాప్ వీ2ను ఛేదించి చూపించింది 2012లో, ఆపిల్ 2016లోనే ఐఫోన్ల నుంచి పీపీటీపీ తీసేసింది. ఈ రోజుల్లో దాన్ని ఎవరైనా అమ్మజూపితే లేచి వచ్చేయండి.

ఇంకో తలనొప్పి అడ్రసులు. అన్ని ఆఫీసుల్లోనూ 192.168.1 సిరీసే. గుంటూరు ప్రింటరూ, ఒంగోలు ప్రింటరూ రెండూ 192.168.1.50 అయితే టన్నెల్ కట్టాక ప్యాకెట్ ఎటు పోవాలి? ఊరికొక సిరీస్ ఇచ్చాం. గుంటూరుకు 10.20.1, నరసరావుపేటకు 10.20.2, అలా. ఇంటి రూటర్లు ఎక్కువగా 192.168తోనే వస్తాయి కాబట్టి మేడమ్ ఇంటి నెట్‌వర్క్‌తోనూ గొడవ రాలేదు. కంప్యూటర్లు మార్చడం సులువే, బార్‌కోడ్ ప్రింటర్లు, సీసీటీవీ డీవీఆర్‌లు, బయోమెట్రిక్ మెషీన్లే ప్రాణం తీశాయి. ఒంగోలు బయోమెట్రిక్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, పెట్టినతను మానేసి వెళ్లిపోయాడు, చివరికి రీసెట్ చేసి అందరి వేలిముద్రలూ మళ్లీ తీయించాం. బాక్స్ ఆర్డరిచ్చే ముందే ఈ పని పూర్తి చేసుకోవడం మంచిది.

ఇక బాక్సుల ఎంపిక. పాత పీసీలో పీఎఫ్‌సెన్స్ అనే ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ పెట్టే ఆలోచన నాకు చాలా ఇష్టం, కానీ నేను సెలవులో ఉంటే బ్రాంచిలో దాన్ని చూసే మనిషి లేడు. అన్ని చోట్లా ఫోర్టిగేట్, లేదా అన్ని చోట్లా సోఫోస్ పెడితే మేనేజ్ చేయడం తేలికే, కాకపోతే ఒక్కో బాక్సుకూ ఏటా సబ్‌స్క్రిప్షన్. బ్రాంచిలో ఉండేది మూడు నాలుగు కంప్యూటర్లు, వాటికి అంత పెట్టడం నాకు న్యాయంగా అనిపించలేదు. చివరికి గుంటూరులో ఫోర్టిగేట్ 60ఎఫ్, బ్రాంచిల్లో మైక్రోటిక్ కంపెనీ చిన్న రూటర్ హెక్స్ అనుకున్నాం. హెక్స్‌కు ఏటా కట్టే లైసెన్స్ లేదు, 4జీ డాంగిల్‌కు యూఎస్‌బీ పోర్టు ఉంది, అన్నిటికన్నా నాకు నచ్చింది దాని కరెంటు పిన్ను. 8 నుంచి 30 వోల్టుల దాకా తీసుకుంటుంది, కాబట్టి ఫైబర్ మోడెమ్‌కు పెట్టే చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్‌తోనే నడుస్తుంది. ఎండాకాలం కరెంటు కోతలు చూసినవాళ్లకు ఇదెంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

రెండు కంపెనీల బాక్సులు కలుస్తాయా అని భయపెట్టినవాళ్లున్నారు. ఐకేఈవీ2 (టన్నెల్ కట్టే ముందు బాక్సులు తాళంచెవులు కుదుర్చుకునే పద్ధతి) రెండిట్లోనూ ఉంటే, రెండు వైపులా ఎన్‌క్రిప్షన్, హ్యాష్, డీహెచ్ గ్రూప్ అనే సెట్టింగులు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా పెడితే కలుస్తాయి. ఇక్కడొక కిటుకుంది. మొదట ఏఈఎస్-జీసీఎం అనే ఎన్‌క్రిప్షన్ పెడితే, ఫైల్ కాపీ చేస్తున్నంతసేపూ హెక్స్ సీపీయూ పైకెక్కి కూర్చుంది. ఆ చిప్‌లోని హార్డ్‌వేర్ సాయం ఏఈఎస్‌లో సీబీసీ రకానికే ఉంది, జీసీఎంకు లేదు. ఏఈఎస్-256 సీబీసీ, షా256కు మార్చగానే అదే ఫైల్, అదే లైన్, సీపీయూ కిందికి దిగిపోయింది. బాక్సులో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఉందా అని అడిగితే చాలదు, ఏ అల్గోరిథమ్‌కు ఉందో కూడా అడగాలి.

కర్నూలు ఇంకో రకంగా ఏడిపించింది. పింగ్ బ్రహ్మాండంగా వస్తోంది, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం పాస్‌వర్డ్ కొట్టగానే నల్ల స్క్రీన్. అక్కడి లైన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగినయ్యే రకం), ఒక్కో ప్యాకెట్‌లో 1500 బైట్లు పట్టాల్సిన చోట 1492 మాత్రమే పడతాయి, పైన ఐపీసెక్ హెడర్లు ఇంకొంత తినేస్తాయి, పెద్ద ప్యాకెట్లు దారిలోనే పోతున్నాయి, చిన్న పింగ్ మాత్రం హాయిగా దూరిపోతోంది. టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే డేటా సైజు) 1350కి తగ్గించగానే స్క్రీన్ వచ్చేసింది. తర్వాత అన్ని బ్రాంచిలకూ అదే పెట్టేశాను.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఎస్సెస్సెల్ వీపీఎన్ (హెచ్‌టీటీపీఎస్ వెబ్‌సైట్ల పద్ధతిలో నడిచే వీపీఎన్) ఇస్తామన్నారు వెండర్లు. నేను ఒప్పుకోలేదు. ఫోర్టినెట్ తన 7.6 వెర్షన్‌తో 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న మోడళ్లలో దాన్ని తీసేసింది, పోయేదాని మీద కొత్తగా కట్టడం దేనికి? ల్యాప్‌టాప్‌లకు కూడా ఐపీసెక్కే పెట్టాం, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో ఓటీపీ తప్పనిసరి. సేల్స్ కుర్రాళ్లు గొణిగారు. 2021లో అమెరికాలో కొలోనియల్ అనే ఇంధన పైప్‌లైన్ మూతపడిందంటే, హ్యాకర్లు లోపలికొచ్చింది వాడకంలో లేని ఒక వీపీఎన్ అకౌంట్ నుంచి, దానికి రెండో తనిఖీ లేదు. ఆ సంగతి చెప్పాక గొణుగుడు తగ్గింది, మానేసినవాళ్ల అకౌంట్లు అదే రోజు తీసేయాలని హెచ్ఆర్ కూడా ఒప్పుకున్నారు.

లాగ్‌ల సంగతి చాలామంది పట్టించుకోరు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి. లాగ్‌లు దాచుకునే డిస్క్ 60ఎఫ్‌లో లేదు, 61ఎఫ్‌లో ఉంది. మేము 60ఎఫ్‌నే ఉంచుకుని ఆఫీసులో పక్కన పడున్న పాత పీసీని లాగ్‌లు పోగుచేసే సిస్‌లాగ్ సర్వర్ చేశాం.

టన్నెల్ ఉంది కదా అని ట్యాలీ డేటా ఫోల్డర్‌ను షేర్ చేసి బ్రాంచిలో నేరుగా తెరుద్దామని కొందరికి ఆశ ఉంటుంది. వద్దు. ఒక్క రిపోర్టు తెరవడానికే ఎన్నోసార్లు గుంటూరు దాకా వెళ్లి రావాలి, లైను మధ్యలో తెగితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. రిమోట్ డెస్క్‌టాపే మేలు, ఇప్పుడది టన్నెల్ లోపల నడుస్తోంది.

ఒక హెక్స్ అదనంగా కొని, కాన్ఫిగర్ చేసి బీరువాలో పెట్టాం. ప్రతి బ్రాంచి సెట్టింగుల ఎక్స్‌పోర్ట్ ఫైలు, ఆ లైను పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సహా నా దగ్గరా, ఓనర్ గారి దగ్గరా ఉంది. పిడుగుపాటుకు ఎక్కడైనా బాక్స్ పోతే ఆ ఊరి ఫైల్ ఎక్కించి ఆర్టీసీ కార్గోలో వేస్తే సరిపోతుంది, అక్కడి కుర్రాడు ఫైబర్ మోడెమ్ వైరు ఒకటో పోర్టులో గుచ్చితే చాలు.